బి.ఎడ్. పరిశీలన నివేదిక: చెన్నై తరగతి గదిని బోర్డియూ ప్రశ్నతో చూడటం ఎలా

విద్యా సమాజశాస్త్రం పరిశీలన నివేదికల్లో తరచూ కనిపించే లోపం ఒకటుంది. మొదటి నాలుగు పేజీల నిండా డర్క్‌హైమ్, మార్క్స్, వెబర్ లాంటి సిద్ధాంతకర్తలు ఉంటారు, బడి ఆఖరి పేజీలో వస్తుంది. రెంటికీ పొత్తు కుదరదు. ప్రతి సిద్ధాంతాన్నీ తరగతి గదిని అడిగే ప్రశ్నగా మార్చుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

డర్క్‌హైమ్ ప్రశ్న: అందరికీ ఉమ్మడి విలువలను బడి ఎలా అలవాటు చేస్తోంది? తమిళనాడు రాష్ట్ర గీతం తమిళ్‌తాయ్ వాళ్తుతో మొదలయ్యే ఉదయపు అసెంబ్లీ దీనికి సరైన చోటు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త పార్సన్స్ (1959) ప్రశ్న: ఇంట్లో 'మన బిడ్డ' అయిన పిల్లను బడి అందరితో పాటు ఒకే కొలతతో ఎలా కొలుస్తోంది? అమెరికన్ ఆర్థికవేత్తలు బౌల్స్, గింటిస్ (1976) ప్రశ్న: గంట, అనుమతి, మార్కులు ఫ్యాక్టరీ క్రమశిక్షణకు ఎంత దగ్గర? ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త బోర్డియూ ప్రశ్న: ఎవరింటి మాటను బడి తన మాటగా ఒప్పుకుంటోంది? నివేదికకు వీటిలో ఒక్కటే తీసుకోండి. నాలుగూ కలిపితే దేనికీ ఆధారం చాలదు.

చెన్నైలోని తెలుగు పిల్లల విషయంలో బోర్డియూ ప్రశ్నే ఎక్కువ పనికొస్తుంది. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి మొదలు పదో తరగతి దాకా దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లిషు ఉన్న పిల్లలు ఎందరో. తరాలుగా ఇక్కడున్న కుటుంబాల తెలుగులో తమిళం కలిసి ఉంటుంది కాబట్టి, తెలుగు పీరియడ్‌లో కూడా ఆ పిల్ల మాటను 'తప్పు' అని దిద్దడం జరగవచ్చు. అలా దిద్దిన ప్రతిసారీ పిల్ల అన్న మాట, టీచర్ పెట్టిన మాట రెండూ రాసుకోండి. బోర్డియూ చెప్పిన సాంస్కృతిక పెట్టుబడి (ఇంటి నుంచి వచ్చే, బడి విలువ ఇచ్చే మాట, అలవాట్లు) అంటే ఏమిటో నిర్వచనం కన్నా ఈ జాబితానే బాగా చూపిస్తుంది.

హెడ్మాస్టర్ అనుమతి తీసుకుని, ఒకే టీచర్ పీరియడ్లు నాలుగు చూడండి. మొదటిది లెక్కలోకి తీసుకోకండి, ఆ రోజు టీచరూ పిల్లలూ మీ కోసం జాగ్రత్తగా ఉంటారు. ఒక పేజీలో బెంచీల పటం గీసి, పేర్లకు బదులు అంకెలు వేయండి. టీచర్ అడిగిన ప్రశ్నకు 'ప్ర', పిల్ల చేయెత్తితే 'చే', మెచ్చుకుంటే 'మె', మందలిస్తే 'మం' అని ఆ అంకె పక్కన గుర్తు పెట్టండి.

లెక్క తప్పేది ఇక్కడే. ముందు బెంచీల్లో 8 మందికి 12 ప్రశ్నలు, వెనక 16 మందికి 8 ప్రశ్నలు వచ్చాయనుకోండి. ప్రశ్నల సంఖ్య చూస్తే తేడా ఒకటిన్నర రెట్లే. తలసరి చూస్తే 1.5, 0.5, అంటే మూడు రెట్లు. తలసరి లెక్కే రాయండి.

నోట్సులో రెండు గళ్లు ఉండాలి. ఎడమ వైపు చూసింది, కుడి వైపు మీకు తోచింది. 'వెనక పిల్లలకు ఆసక్తి లేదు' అనేది కుడి గడిలోది, 'పీరియడ్ మొత్తంలో చేయెత్తలేదు' అనేది ఎడమ గడిలోది. ఇవి కలిసిపోతే విశ్లేషణ మొదలు కాకముందే తీర్పు వచ్చేస్తుంది. వెనక బెంచీ జోకులూ రాసుకోండి. పాల్ విల్లిస్ (1977) అనే పరిశోధకుడు ఇంగ్లండ్‌లో శ్రామిక కుటుంబాల అబ్బాయిలు 12 మందిని చూసి, వాళ్ల తిరుగుబాటే వాళ్లను తండ్రుల పనులవైపు ఎలా నడిపిందో రాశాడు. ఊరికే కూర్చున్నట్టు కనిపించే పిల్లలు కూడా బడికి ఏదో ఒక జవాబు ఇస్తూనే ఉంటారు.

1500 మాటల నివేదికలో సిద్ధాంతానికి 250, పద్ధతికి 200, పరిశీలనకు 600, విశ్లేషణకు 450 చాలు. విశ్లేషణలో సిద్ధాంతం సరిపోని చోటును తప్పకుండా చెప్పండి. బోర్డియూ ఫ్రాన్సు బడుల గురించి రాశాడు, అక్కడ బడిది ఒకే ప్రామాణిక భాష. ఇక్కడ ఇంగ్లిషు, తమిళం, తెలుగు ఒక్కో పీరియడ్‌లో ఒక్కో విలువతో ఉంటాయి. ఇంటి మాట వేరైన పిల్లను 'లోటు ఉన్న పిల్ల' అని రాస్తే బోర్డియూను తలకిందులు చేసినట్టే. ఆయన ప్రశ్నించింది ఆ విలువ కట్టే బడిని.

కులం, తల్లిదండ్రుల పని తరగతిలో పిల్లలను నిలబెట్టి అడగకండి. ఆ వివరాలు నిజంగా కావాలంటే హెడ్మాస్టర్‌నే అడిగి, ఎవరు ఎవరో తెలియని మొత్తం సంఖ్యలుగానే తీసుకోండి.