పటిక స్ఫటికాలతో ఉష్ణోగ్రత ప్రయోగం: అనంతపురం విద్యార్థుల కోసం

చల్లారే వేగాన్ని బట్టి స్ఫటికం పరిమాణం ఎలా మారుతుందో చూపించాలనుకునే ఉన్నత పాఠశాల విద్యార్థులకు పటిక చాలా అనువైన పదార్థం. ఉప్పు ఇందుకు పనికిరాదు. 100 మిల్లీలీటర్ల నీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 36 గ్రాములు కరిగే ఉప్పు, నీళ్లు మరుగుతున్నప్పుడు కూడా దాదాపు 39 గ్రాములే కరుగుతుంది కాబట్టి, చల్లార్చినా బయటికి వచ్చేది స్వల్పం. పటిక మాత్రం 20 డిగ్రీల వద్ద సుమారు 12 గ్రాములు, 30 డిగ్రీల వద్ద సుమారు 18 గ్రాములు, 50 డిగ్రీల వద్ద 35 గ్రాములకు పైగా కరుగుతుంది. ఈ తేడాయే మన ప్రయోగానికి ఆధారం.

దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టే పటిక ఏ అంగడిలోనైనా దొరుకుతుంది. అయితే గాజులా పారదర్శకంగా ఉన్న గడ్డలనే ఎంచుకోవాలి. నీటి శుద్ధికి అమ్మే తెల్లని మసక దిమ్మలు చాలాసార్లు అల్యూమినియం సల్ఫేట్ అయి ఉంటాయి, వాటి నుంచి చక్కని స్ఫటికాలు రావు. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి, బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్ గానీ ఆర్వో నీళ్లు గానీ తీసుకోవాలి.

90 గ్రాముల పటికను మెత్తగా దంచి, 300 మిల్లీలీటర్ల నీటిలో వేసి, ఉపాధ్యాయుల సమక్షంలో 60 డిగ్రీల వరకు వేడిచేస్తూ పూర్తిగా కరిగేదాకా కలపాలి. అల్యూమినియం గిన్నె వద్దు, ఎందుకంటే పటిక ద్రావణానికి ఆమ్ల గుణం ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకోవాలి, వంటకు వాడే పాత్రలు ముట్టుకోకూడదు. వేడి ద్రావణాన్ని వడపోత కాగితం గుండా పోస్తే దుమ్ము పోతుంది. వడపోతలోనే స్ఫటికాలు కనిపిస్తే మళ్లీ వేడిచేసి కరిగించాలి. ఆ తరువాత ఒకే రకం, ఒకే కొలత గల మూడు స్టీలు గ్లాసుల్లో సమానంగా పోయాలి. మామూలు గాజు గ్లాసులు వేడికీ చలికీ పగిలిపోయే ప్రమాదం ఉంది.

మొదటి గ్లాసును ఐసు ముక్కలున్న నీళ్లలో, రెండవదాన్ని గదిలో బల్లమీద, మూడవదాన్ని గుడ్డలు కుక్కిన హాట్ బాక్సులో ఉంచాలి. మూడింటినీ మూతలతో గట్టిగా కప్పాలి.

ఈ మూతల విషయంలో నేను పట్టుబట్టి చెబుతాను. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో, వేసవిలో గాలి ఎంత పొడిగా ఉంటుందో మీకు తెలుసు. మూత లేని గ్లాసులోంచి నీరు ఆవిరైపోతుంటుంది, 30 డిగ్రీల వద్ద 10 మిల్లీలీటర్లు పోయినా దాదాపు 2 గ్రాముల పటిక అదనంగా స్ఫటికీకరిస్తుంది. అప్పుడు మీరు కొలిచేది చల్లదనం ప్రభావాన్ని కాదు, ఆవిరి ప్రభావాన్ని. అందుకే ప్రారంభంలోనూ చివరిలోనూ గ్లాసును మూత, ద్రావణం సహా తూచి రెండు అంకెలూ రాసుకోండి. తూకం తగ్గితే ఆ మేరకు నీరు పోయినట్లే. అలాగే నోటుపుస్తకంలో ‘గది ఉష్ణోగ్రత’ అని వదిలేయకుండా, ఉష్ణమాపి చూపిన అంకెను సమయంతో పాటు రాయండి. డిసెంబరులో 25 డిగ్రీలున్న గది, మే నెలలో 38 ఉండవచ్చు, అదే పటిక నుంచి వచ్చే స్ఫటికాల తూకం కూడా మారిపోతుంది.

కదిలించకుండా ఒక రాత్రి ఆగాలి. ఐసు గ్లాసు అడుగున తెల్లని రవ్వ లాంటి పొడి పేరుకుంటుంది, అది వేలసంఖ్యలో ఉన్న చిన్న స్ఫటికాలు. హాట్ బాక్సు గ్లాసులో కొన్నే ఉంటాయి గానీ పెద్దవి. ఒకదాన్ని భూతద్దంతో చూస్తే ఎనిమిది ముఖాలు, వాటిలో త్రిభుజాకారపు నునుపు తలాలు కనిపిస్తాయి, కొన్ని మూలలు చెక్కినట్లు తెగి ఉండడం కూడా సహజమే. హఠాత్తుగా చల్లబడిన ద్రావణంలో ఒకేసారి అనేక కేంద్రకాలు (స్ఫటికాలు పెరగడం మొదలయ్యే అతి చిన్న బీజాలు) పుడతాయి కాబట్టి ఉన్న పటిక వాటన్నింటికీ పంచబడి ఏదీ పెరగదు. నిదానంగా చల్లబడితే కొద్ది కేంద్రకాలకే ఆ పటికంతా చేరుతుంది. మన చుట్టుపక్కల గుట్టల్లోని గ్రానైటులో కళ్లకు కనిపించే పెద్ద రేణువులు ఉండడానికీ కారణం ఇదే: భూగర్భంలో శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారింది.

ద్రవాన్ని వంపి, స్ఫటికాలను వడపోత కాగితంమీద నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే వాటిలోని స్ఫటిక జలం (స్ఫటికంలో భాగంగా ఇమిడి ఉండే నీరు) పోయి తెల్లబారి తూకం తప్పుతుంది. ఐసు గ్లాసును చల్లగా ఉన్నప్పుడే వంపాలి. చివరికి ఒకే ఉష్ణోగ్రతకు చేరిన రెండవ, మూడవ గ్లాసుల స్ఫటికాల తూకం దాదాపు సమానంగా, పరిమాణం వేర్వేరుగా రావాలి. ఐసు గ్లాసులో మాత్రం తూకమూ ఎక్కువ వస్తుంది. తూకాన్ని నిర్ణయించేది చివరి ఉష్ణోగ్రత, పరిమాణాన్ని నిర్ణయించేది చల్లారిన వేగం. ఈ రెండింటినీ పట్టికలో వేర్వేరు వరుసల్లో చూపండి. మళ్లీ చేయాలంటే స్ఫటికాలనూ, వంపిన ద్రవాన్నీ కలిపి తిరిగి వేడిచేస్తే సరిపోతుంది, కొత్త పటిక కొననక్కరలేదు.