‘విష్ యూ వర్ హియర్’ ఒక్కరే వాయించాలంటే

మా బెంగళూరు బీటీఎం లేఅవుట్ పీజీలో గిటార్ కొన్న ప్రతి పిల్లా ముందు అడిగేది పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ వాళ్ల ఈ పాటే. కార్డ్స్ (chords, అంటే కలిపి మోగించే స్వరాలు) తొందరగానే పట్టుబడతాయి. అయినా ఎంత వాయించినా ఆ పాటలా ఉండదు. ఎందుకుంటుంది? మొదట్లో వినిపించేవి రెండు గిటార్లు మరి.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వినండి. ఎవరో రేడియో స్టేషన్లు తిప్పుతుంటారు, మధ్యలో రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ సింఫనీ ముక్కొకటి దొర్లిపోతుంది. తర్వాత 12 తీగల గిటార్, పీలగా, ట్రాన్సిస్టర్‌లోంచి వస్తున్నట్టు. కాసేపటికి మన పక్కనే కూర్చున్నట్టు ఇంకో గిటార్ అందుకుంటుంది. రెండూ బ్యాండు గిటారిస్టు డేవిడ్ గిల్మోర్‌వే. రేడియో తప్ప తోడు లేని మనిషి దానితోనే జత కలిపి వాయించుకుంటున్నాడన్నమాట. నా మటుకు నాకు ఆ పాట సాహిత్యం కంటే ఇదే గొప్ప.

1975లో లండన్ అబే రోడ్ స్టూడియోలో ఆల్బమ్ చేస్తున్నారు. ఆ బ్యాండుకి పేరు పెట్టిన సిడ్ బారెట్ మనసు చెదిరి 1968లోనే దూరమయ్యాడు. జూన్ 5న హఠాత్తుగా స్టూడియోకి వచ్చాడు: గుండు, గొరిగేసిన కనుబొమ్మలు, బాగా లావెక్కిన ఒళ్లు. పాత స్నేహితులే వెంటనే పోల్చుకోలేకపోయారు. అందుకే ఈ పాట అతని కోసమేనంటారు చాలామంది. మాటలు రాసిన, బ్యాండులోని రోజర్ వాటర్స్ మాత్రం పాటలో అడిగే ప్రశ్నలు తనకి తాను వేసుకున్నవని కూడా చెప్పాడు.

ఇక వాయించడం. ఉంగరపు వేలు, చిటికెన వేలు మూడో ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీద మూడో గడిలో), సన్న తీగలు రెండింటి మీద పెట్టండి. అవి ఇక కదలవు. మిగతా రెండు వేళ్లతోనే Em7 కార్డ్ నుంచి Gకి రెండుసార్లు, Em7 నుంచి A7sus4కి రెండుసార్లు వెళ్లి, చివర G మీద ఆగాలి. తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టుకోండి, తొందర వద్దు. దీన్ని ఫోన్‌లో రికార్డ్ చేసి, ఏదైనా ఆడియో యాప్‌లో 300 హెర్ట్‌జ్ కింద ఉన్న మంద్ర ధ్వని, 3000 పైన ఉన్న కీచు ధ్వని కోసేయండి, రేడియోలా పీలగా వినిపిస్తుంది. అది కూడా బద్ధకమైతే ఫోన్‌ని స్టీలు గ్లాసులో పెట్టి ప్లే చేయండి. 12 తీగల గిటార్ కోసం డబ్బు తగలేయక్కర్లేదు.

ఇప్పుడు ఆ రికార్డింగే మన రేడియో; దాన్ని ప్లే చేస్తూ దాని మీద రెండో గిటార్. దాదాపు అంతా G, A, B, D, E స్వరాలే; కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు మోహన రాగం అని ఇట్టే పట్టేస్తారు. ఒక్కో పలుకు అయ్యాక రేడియోని విననివ్వండి. మా పిల్లలంతా ఇక్కడే ఖాళీ కనబడితే చాలు స్వరాలు కుక్కేస్తారు. పాట మొదలయ్యాక C, D, Am, G కార్డ్స్ చాలు, స్ట్రమ్మింగ్ (తీగలన్నిటినీ ఒక్కసారిగా మీటడం) మెత్తగా.

సాధనకి శుక్రవారం రాత్రి మంచిది. సగం పీజీ కర్నూలు, అనంతపురం బస్సులెక్కేసి ఉంటుంది, పది దాటేదాకా ఆంటీ కూడా ఏమనదు. అసలు పాట చివర్లో గాలి హోరు ఉంటుంది, అందులో ఫ్రెంచ్ జాజ్ వయొలినిస్టు స్టెఫాన్ గ్రాపెల్లీ వయొలిన్ ఉందీ లేనట్టు వినిపిస్తుంది. మీరు దాని జోలికి పోకుండా G దగ్గర ఆపేయండి.

పక్క గదిలో ఇంకో గిటార్ ఉంటే రేడియో భాగం వాళ్లకివ్వొచ్చు. అయితే దూరం నుంచి వినిపించేలా కారిడార్ చివర కూర్చోబెట్టాలి. మా అనంతపురం అమ్మాయి “నేనెందుకక్కా బయట?” అని ఇప్పటికీ అలుగుతుంది.