వ్యాపార నమూనా గీద్దాం, పరీక్షిద్దాం – 3వ పాఠం: ముందు ఏ ఊహను తేల్చుకోవాలి?

గత పాఠంలో అలెగ్జాండర్ ఆస్టర్‌వాల్డర్ రూపొందించిన బిజినెస్ మోడల్ కాన్వాస్‌లోని (కొనేవారు, రాబడి, ఖర్చు వంటి వ్యాపార భాగాలను ఒకే కాగితం మీద చూపే పటం) తొమ్మిది గడులు నింపాం. ఈసారి ఆ కాగితం ముందు పెట్టుకొని ఎర్ర కలం తీసుకోండి. మీరు స్వయంగా చూసి తెలుసుకున్నవి వదిలేసి, మిగతా ప్రతి మాట ఊహే, దాని కింద గీత గీయండి. నిజాయితీగా గీస్తే కాగితం దాదాపు అంతా ఎర్రబడుతుంది. కంగారు పడకండి, మొదట్లో ఎవరిదైనా అంతే.

ఇప్పుడు ఒక్కో గీత దగ్గర ఆగి, 'ఇది తప్పయితే మిగతా గడులు నిలుస్తాయా?' అని అడగండి. నిలవవనిపిస్తే పక్కన చుక్క పెట్టండి. పరీక్ష అక్కడి నుంచే మొదలవ్వాలి. చాలామంది తమకు చేతనైన పని కాబట్టి ముందు యాప్ కట్టేస్తారు. నా దృష్టిలో ఇంతకన్నా ఖరీదైన అలవాటు లేదు.

1999లో ఆన్‌లైన్‌లో బూట్లు అమ్మే జాపోస్‌ను మొదలుపెట్టిన నిక్ స్విన్‌మర్న్ దుకాణాల్లోని బూట్లను ఫోటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టాడు. ఆర్డరు వచ్చాకే దుకాణంలో కొని పంపాడు. అందులో లాభం మిగలదు. అతనికి తేలాల్సింది లాభం సంగతి కాదు, తొడిగి చూడకుండా జనం బూట్లు కొంటారా అన్నది.

రాబడి గడిని పరీక్షించడం ఇంకా కష్టం. ట్వీట్లను ముందే రాసి వరసలో ఉంచే బఫర్ సేవ కోసం 2010లో జోయెల్ గాస్కోయిన్ మొదట రెండే పేజీలు పెట్టాడు. ఒకటి సేవ గురించి చెబుతుంది. అక్కడి బటన్ నొక్కితే, ఇంకా సిద్ధం కాలేదు, ఈమెయిల్ ఇవ్వండి అని రెండోది వస్తుంది. ఈమెయిళ్లు వచ్చాయి. అయినా అతను అక్కడితో ఆగలేదు. ఆ రెండింటి మధ్య ధరల పేజీ చేర్చాడు. ధర చూశాక కూడా కొందరు డబ్బు కట్టే ప్లాన్‌నే ఎంచుకున్నారు. సేవను నిర్మించే పని ఆ తర్వాతే.

మీ స్నేహితులు 'ఆలోచన బాగుంది' అంటే సంతోషించండి, కానీ ఎర్ర గీత చెరపకండి. ఎదుటివారు సమయమో, ఈమెయిలో, డబ్బో ఇచ్చినప్పుడే చెరపాలి. డబ్బు ముందే తీసుకుంటే మాత్రం సేవ ఇంకా సిద్ధం కాలేదని స్పష్టంగా చెప్పండి, ఇవ్వలేకపోతే వెంటనే తిరిగి ఇచ్చేయండి.

అభ్యాసం: చుక్క పెట్టినవాటిలో ఒకటి ఎంచుకోండి. వారంలో ముగిసే పరీక్ష ఆలోచించండి. ఎంతమంది ఏం చేస్తే ఊహ నిజమని ఒప్పుకుంటారో పరీక్షకు ముందే రాసి తేదీ వేయండి. తర్వాత రాస్తే, వచ్చిన అంకెకు తగ్గట్టు హద్దు జరిపేస్తాం. ఆ ఫలితంతో వచ్చే పాఠంలో ఖర్చు గడి లెక్క చూద్దాం.