పిల్లలకు ప్యాచ్ టెస్ట్: ముందు, ఆ వారంలో, తర్వాత

బొడ్డు కింద, ప్యాంటు గుండీ ఆనే చోట రూపాయి బిళ్లంత మేర చర్మం మందంగా, నల్లగా మారి, పిల్లాడు ఎప్పుడూ అక్కడే గోక్కుంటుంటే, తామర అనుకుని పూత మందులు మారుస్తూ పోకండి. గుండీలోని నికెల్ పడకపోతే ఇలాగే ఉంటుంది. కొందరికి మోచేతులు, మోకాళ్లమీద కూడా సన్నటి పొక్కులు లేస్తాయి. అక్కడ గుండీ తగలదు కదా అని చాలామంది అసలు కారణాన్ని వదిలేస్తారు.

దద్దు ఎక్కడ లేచిందో చూస్తే వస్తువు సగం తెలిసినట్టే. చెవి తమ్మెలయితే కమ్మలు. నడుమయితే మొలతాడుకు కట్టిన లోహపు బిళ్ల, బెల్టు బకిల్. నుదుటి మధ్యయితే స్టిక్కర్ బొట్టు జిగురు. పాదంమీద చెప్పు పట్టీ అచ్చుపడినట్టుంటే రబ్బరులో కలిపే రసాయనాలు, లేదా తోలు పదును చేసే క్రోమియం. గాయానికి నియోమైసిన్ ఆయింట్‌మెంట్ రాస్తున్నకొద్దీ చుట్టూ ఎర్రబడి చెమ్మగిల్లుతుంటే ఆ మందునే అనుమానించండి. ఈ ఎలర్జీలో దురద వెంటనే రాదు, ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు. అందుకే ఏది తగిలిందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

రక్త పరీక్షలోనూ, సూదితో గుచ్చి ఇరవై నిమిషాల్లో చూసే పరీక్షలోనూ ఇది దొరకదు. అనుమానమున్న పదార్థాలను వీపుమీద టేపుతో అంటించి, కొన్ని రోజులు చూసే ప్యాచ్ టెస్టే చేయించాలి.

వెళ్లేముందు రెండు మూడు వారాలపాటు వంటికి తగిలేవన్నీ రాసిపెట్టండి. సబ్బు, నూనె, క్రీము, బొమ్మలు, స్కూలు షూ, అన్నీ. డబ్బాలమీది లేబుళ్లు ఫొటో తీసుకోండి. పరీక్షకు ముందు వారం రోజులు వీపుమీద స్టెరాయిడ్ పూత రాయకూడదు, వీపుకు ముందునుంచే ఎండ తగలనివ్వకూడదు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపేయకండి. దురద తగ్గడానికి వేసే సెట్రిజిన్ లాంటివి ఈ పరీక్షను పెద్దగా పాడుచేయవు. వీపుమీదే దద్దు ఉంటే తగ్గేదాకా వాయిదా వేయాలి. ఒకప్పుడు నల్ల మెహందీ పెట్టుకుంటే బొబ్బలు వచ్చుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. అందులో కలిపే పీపీడీ అనే రంగు రసాయనం పరీక్షలోనూ బొబ్బలెక్కించగలదు.

సాధారణంగా సోమవారం అంటిస్తారు. 8 మిల్లీమీటర్ల చిన్న అల్యూమినియం గిన్నెల్లో, వాజిలిన్‌లో కలిపిన పదార్థాలు (నికెల్ సల్ఫేట్ అయితే 5 శాతం) పెట్టి, వీపు పైభాగాన టేపుతో అతికించి, చుట్టూ పెన్నుతో గుర్తులు వేస్తారు. చిన్నపిల్లల వీపుమీద చోటు తక్కువ కాబట్టి అనుమానమున్నవే ఎంచి పెడతారు. 48 గంటల తర్వాత, బుధవారం తీసేస్తారు. అరగంట ఆగి మొదటిసారి చూస్తారు, శుక్రవారం మళ్లీ చూస్తారు. రెండోసారి వెళ్లడం మానకండి. బుధవారం కనిపించిన ఎరుపు చాలాసార్లు టేపు ఒరిపిడే, శుక్రవారానికి పోతుంది. అసలు ఎలర్జీ అయితే గట్టిపడి, పొక్కులతో ముదురుతుంది. నియోమైసిన్ వంటివి ఏడో రోజుకు గానీ తేలకపోవచ్చు.

చెమట పడితే పరీక్ష చెడిపోతుంది. టేపు అంచు లేచిందంటే పదార్థం చర్మానికి ఆనదు, ఎలర్జీ ఉన్నా లేనట్టే వస్తుంది. మన ఎండాకాలంలో ఇది చేయించకండి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. చివరి రీడింగ్ అయ్యేదాకా వీపు తడవకూడదు. తల, కాళ్లు, చేతులు విడిగా కడగండి. ఆటలు, ఈత ఆపండి. మెత్తటి నూలు బనియను వేస్తే గోళ్లు టేపుదాకా పోవు. అంచు లేస్తే పైన ఇంకో టేపు వేయండి, పీకి మళ్లీ అంటించకండి.

ఇంట్లో సబ్బు, షాంపూ టేపు కింద పెట్టి చూడకండి. ఎలర్జీ లేకపోయినా చర్మం కాలుతుంది. కడగకుండా వదిలేసే క్రీమును మాత్రం డాక్టరును అడిగి మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు ఒకేచోట రాసి చూడొచ్చు.

నికెల్ అని తేలితే గుండీ తీయించి ప్లాస్టిక్‌ది కుట్టించండి. గుండీమీద నెయిల్ పాలిష్ పూస్తే చాలదు, ఆ పూత కొన్నాళ్లకే అరిగిపోతుంది. వన్ గ్రామ్ గోల్డ్ నగల్లో పూత కింది లోహంలో నికెల్ ఉండొచ్చు. డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణం అద్దిన దూదిపుల్లతో రుద్దితే, నికెల్ వదిలే లోహం దూదిని గులాబీ రంగుకు మారుస్తుంది. కొత్త నగకు పూత అడ్డుపడి రంగు రాకపోవచ్చు, కొన్నాళ్లు వాడాక మళ్లీ రుద్ది చూడండి.