నిద్ర, ఫోన్, ఫిట్స్: నోటుబుక్కు రాయడం – 4వ పాఠం (మే 2020)

మూడో పాఠంలో ఫిట్స్ (మూర్ఛ) ఉన్న మీ పిల్లలు ఫోన్ చూసిన గంటలు రాయమన్నాను. లాక్కోమని ఎక్కడా అనలేదు. అయినా మిర్యాలగూడ నుంచి వనపర్తి దాకా మీరు పంపిన పేజీల్లో అదే కథ. దేవరకొండ దగ్గర ఒకామె ఫోన్‌ను బియ్యం డ్రమ్ములో దాచింది. పదో తరగతి పిలగాడు. మార్చి 19న మొదలైన పరీక్షలు కరోనాతో మధ్యలో ఆగిపోయి అసలే చిరాకుగా ఉన్నాడు. అలిగి రెండున్నర దాకా మేలుకున్నాడు. పొద్దున పళ్లు తోముకుంటుంటే చేతులు ఝాడించి బ్రష్ ఎగిరిపడింది. ఆమె రాసింది: "ఫోన్ 0 గంటలు. అయినా వచ్చింది."

ఫిట్స్ రావడంలో వింతేం లేదమ్మా, నిద్ర చెడింది కదా. తెర మీద మెరుపులకే ఫిట్స్ వచ్చేవాళ్లు ఉన్నారు. 1997 డిసెంబరులో జపాన్‌లో టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు టకటకా మారితే వందల మంది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. కానీ మూర్ఛ ఉన్న నూరు మందిలో అలాంటివాళ్లు ముగ్గురో ఏమో. మిగతావాళ్లకు ఫోన్ చేసే చేటు ఎక్కువగా నిద్ర దారిలోనే వస్తుంది. నిద్ర తక్కువైన మర్నాడు పొద్దున చేతులు అలా అదిరితే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి, వీలైతే వీడియో తీసి చూపించండి. ఏ రకం మూర్ఛో తేల్చడానికి అది పనికొస్తుంది.

మాత్ర వేసిన టైం రాయమని వేరే చెప్పను. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టేవాళ్లను రెండో పాఠంలోనే తిట్టాను. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏదీ పెట్టకండి, 5 నిమిషాలు దాటితే 108.

ఇక నాకు ఒళ్లు మండే తప్పు. "10కి పడుకున్నాడు, 6కి లేచాడు, 8 గంటలు." ఎవరు చూశారు? డాబా మీద చాప పరిచింది 10కి. దుప్పట్లో వెలుగు ఆరింది 12:40కి. అంటే నిద్ర 5 గంటల 20 నిమిషాలు. నడుం వాల్చిన టైం వేరు, కన్ను మూతపడిన టైం వేరు. రెండూ రెండు గళ్లలో రాయండి. కరెంటు పోయి ఉక్కపోతకు లేచి కూర్చున్న అరగంట తీసేయండి. మధ్యాహ్నం కునుకు వేరే గడిలో పెట్టండి, రాత్రి లెక్కలో కలపకండి. రంజాన్ రోజాలు ఉండే ఇళ్లలో సహరీకి (తెల్లవారకముందు తినడానికి) లేచి మళ్లీ పడుకుంటే అవి రెండు ముక్కలు, రెండు లైన్లు. రోజా కోసం మాత్రల వేళ మార్చాలంటే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి, సొంతంగా మార్చకండి. అర్ధరాత్రి దాటాక నిద్రపడితే ఏ తేదీ అని అడుగుతున్నారు. లేచిన పొద్దు తేదీ వేయండి, గొడవ ఉండదు.

నిద్ర యాప్‌లు నాకు పడవు. లెక్క పేరుతో ఫోన్ మళ్లీ దిండు కిందికే చేరుతుంది. గళ్ల నోటుబుక్కు, పెన్సిలు చాలు.

అభ్యాసం: 14 రాత్రులు, ఒక్కటీ వదలకుండా. ఫోన్ లాక్కోవద్దు, రోజుకు పావుగంట చొప్పున ముందుగా ఆపించండి. ఈలోగా ఇది చేయండి: "9:30కి పక్క ఎక్కింది. 11:15 దాకా వీడియోలు. 2కి కరెంటు పోయింది, 3కి మళ్లీ నిద్ర. 7కి లేచింది. మధ్యాహ్నం గంట కునుకు." రాత్రి నిద్ర ఎంత? 7 గంటల 45 నిమిషాలు అని రాసినవాళ్లు పైన ఒళ్లు మండిన పేరా మళ్లీ చదవండి.