మీడియావికీకి మొదటి ప్యాచ్ పంపడం ఎలా?

తెలుగు వికీపీడియాలో మనం చదివే ప్రతి పేజీ వెనుక పనిచేసే సాఫ్ట్‌వేర్ పేరు మీడియావికీ. ఇది జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుతో వెలువడుతుంది కనుక, దీని కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, తమ మార్పును అసలు కోడ్‌లో చేర్చమని కోరుతూ పంపవచ్చు. అలా పంపే మార్పునే ప్యాచ్ అంటారు. పీహెచ్‌పీ గానీ జావాస్క్రిప్ట్ గానీ ఒక మోస్తరుగా వచ్చి, కోడ్ మార్పుల చరిత్రను నమోదు చేసే గిట్‌తో కొంత పరిచయం ఉంటే పని మొదలుపెట్టడానికి చాలు. అయితే పంపిన ప్రతి ప్యాచ్‌నూ మరొకరు తీరిక చేసుకుని చదవాలి. ఆ చదివేవారికి శ్రమ తగ్గించడమే ఈ పనిలో అసలు నేర్పు అని నా అభిప్రాయం.

ముందుగా, మీరు చూసిన లోపం నిజంగా కోడ్‌లోనే ఉందా అన్నది తేల్చుకోవాలి. బటన్ మీద తెలుగు మాట తప్పుగా ఉంటే దాన్ని ట్రాన్స్‌లేట్‌వికీ సైట్‌లో దిద్దాలి. అక్కడి అనువాదాలు ఎప్పటికప్పుడు కోడ్‌లోకి వచ్చి చేరుతుంటాయి కనుక తెలుగు సందేశాల ఫైలును నేరుగా మార్చి పంపకూడదు. వికీలో వాడుకరులే రాసుకునే మూసల్లోనో గాడ్జెట్లలోనో దోషం ఉంటే ఆ వికీలోనే సరిచేయాలి.

లోపం కోడ్‌దేనని తేలాక, లోపాలనూ పనులనూ నమోదు చేసే ఫ్యాబ్రికేటర్ సైట్‌లో అది ఇదివరకే నమోదైందేమో వెతకండి. చేతిలో ఏ లోపమూ లేకపోతే, కొత్తవారి కోసం ‘గుడ్ ఫస్ట్ టాస్క్’ అని గుర్తు పెట్టిన పనుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. ఎంచుకున్న టాస్క్ కింది చర్చ మొత్తం చదివి, ఎవరూ ఇప్పటికే ప్యాచ్ పంపలేదని నిర్ధారించుకుని, మీరు దాన్ని చేపడుతున్నట్టు అక్కడే ఒక మాట రాయండి. ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం: మీరు కనిపెట్టినది భద్రతకు సంబంధించిన లోపమైతే దాన్ని గానీ, దాని పరిష్కారాన్ని గానీ బహిరంగంగా పెట్టకూడదు, అలాంటి వాటికోసం ఫ్యాబ్రికేటర్‌లో గోప్యంగా ఉండే ప్రత్యేక ఫారం ఉంది.

తర్వాత వికీమీడియా డెవలపర్ ఖాతా తెరవాలి. ఇది మీ వికీపీడియా ఖాతాకు వేరు. మిమ్మల్ని గుర్తించడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీని, ప్యాచ్‌లను సమీక్షించే గెరిట్ సైట్‌లో చేర్చి, కోడ్‌ను క్లోన్ చేసుకుని (అంటే మీ కంప్యూటర్‌లోకి నకలు తెచ్చుకుని), ప్రోగ్రామ్‌లను విడిగా నడిపే డాకర్ సాయంతో మీ కంప్యూటర్‌లోనే ఒక వికీని నడపండి. కోడ్‌ను ముట్టుకునే ముందు ఆ వికీలో లోపాన్ని మళ్లీ పుట్టించి చూడాలి. పుట్టించలేని లోపాన్ని సరిచేశామని చెప్పుకోవడానికి ఆధారం ఉండదు.

ఒక ప్యాచ్‌లో ఒకే సమస్యను పరిష్కరించండి. పక్కనే మరో పొరపాటు కనబడినా దాన్ని వేరే ప్యాచ్‌కు వదిలేయాలి. మీడియావికీ శైలిలో వరుసల ముందు ట్యాబ్‌లు, కుండలీకరణాల లోపలివైపు ఖాళీలు ఉంటాయి. మీ అలవాటు వేరైనా ఈ పద్ధతినే పాటించాలి. కొత్త సందేశం ఏదైనా చేరిస్తే, ఇంగ్లీషు ఫైలుతో పాటు, ఆ సందేశం ఎక్కడ ఎందుకు కనిపిస్తుందో అనువాదకులకు వివరించే ఫైలులో కూడా రాయాలి. తెలుగులోకి అనువదించేవారు ఆ వివరణను చూసే మాటను ఎంచుకుంటారు కనుక దీన్ని మొక్కుబడిగా ముగించవద్దు.

గిట్‌లో నమోదు చేసే ఒక్కో మార్పును కమిట్ అంటారు. దానికి జతచేసే కమిట్ సందేశం మీద తగినంత సమయం పెట్టండి. “బగ్ సరిచేశాను” అంటే చదివేవారికి ఏమీ తెలియదు. “శీర్షిక ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే ఎర్రర్‌ను నివారించు” అన్న తరహాలో, మార్పు ఏం చేస్తుందో మొదటి వరుసలో ఇంగ్లీషులో క్లుప్తంగా చెప్పి, ఒక వరుస వదిలి, ఆ మార్పు ఎందుకు అవసరమైందో వివరించాలి. చివర టాస్క్ సంఖ్య ఉండాలి. దాని కిందనే ఛేంజ్ ఐడీ అనే గుర్తు వచ్చి చేరుతుంది. గిట్ రివ్యూ అనే పనిముట్టును అమర్చుకుంటే అదే దీన్ని చేరుస్తుంది, ప్యాచ్‌ను గెరిట్‌కూ పంపుతుంది.

గిట్‌హబ్ అనే కోడ్ సైట్‌కు అలవాటుపడినవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అక్కడ సవరణ అడిగితే మరో కమిట్ చేరుస్తాం. గెరిట్‌లో మాత్రం ఉన్న కమిట్‌నే అమెండ్ చేసి (అంటే దాన్నే సవరించి), ఛేంజ్ ఐడీని మార్చకుండా మళ్లీ పంపాలి. అప్పుడది అదే మార్పుకు కొత్త ప్యాచ్‌సెట్‌గా నిలుస్తుంది. ఆ గుర్తు చెరిగిపోతే గెరిట్ దాన్ని వేరే మార్పుగా లెక్కిస్తుంది, పాత చర్చ పాత చోటే ఉండిపోతుంది.

ఆపైన జెంకిన్స్ అనే వ్యవస్థలో కోడ్‌పై పరీక్షలు వాటంతటవే నడుస్తాయి, మనుషులు చదువుతారు. సమీక్షలో మైనస్ ఒకటి మార్కు వస్తే తిరస్కరించినట్టు కాదు, సవరణ కావాలని అర్థం. ప్లస్ రెండు ఇచ్చే అధికారం ఉన్నవారు ఇస్తే, పరీక్షలు నెగ్గాక కోడ్ విలీనమవుతుంది. కొన్ని వారాలపాటు ఎవరూ పలకకపోవడం కూడా మామూలే. ఆ ఫైలును ఇటీవల మార్చినవారెవరో గిట్ చరిత్రలో చూసి, ఒకరిద్దరిని సమీక్షకులుగా చేర్చి, మర్యాదగా గుర్తు చేయండి.

విలీనమైన కోడ్ సాధారణంగా వారంవారం సాగే విడుదలలో వికీలకు చేరుతుంది: మంగళవారం పరీక్షా వికీలకు, బుధవారం విక్షనరీ వంటి సోదర ప్రాజెక్టులకు, గురువారం తెలుగుతో సహా చాలా వికీపీడియాలకు. ఆ రోజు తెలుగు వికీపీడియాలో లోపం పోయిందో లేదో స్వయంగా పరీక్షించి, ఫలితాన్ని ఫ్యాబ్రికేటర్ టాస్క్‌లో నమోదు చేయండి.