నడుస్తున్న కెర్నల్‌కి కేక్ మాడ్యూల్ ఒక్కటే కలుపుకోవడం ఎలా

నా దగ్గర రౌటర్‌గా వాడే పాత కంప్యూటర్ ఒకటి ఉంది. దానికి లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌ని నడిపే మూల ప్రోగ్రామ్) నేనే కంపైల్ చేసుకుని, అక్కర్లేదనుకున్నవన్నీ తీసేశాను. ఎవరైనా పెద్ద ఫైల్ అప్‌లోడ్ మొదలుపెడితే చాలు, పక్క గదిలో వీడియో కాల్ ముక్కలు ముక్కలైపోయేది. లైన్ స్పీడ్ తక్కువై కాదు, మోడెమ్‌లో ప్యాకెట్లు బారులు తీరి నిలబడిపోవడం వల్ల. ఆ వరసను పద్ధతిగా నడిపే కేక్ అనే షెడ్యూలర్ 2018లో వచ్చిన 4.19 వెర్షన్ నుంచీ కెర్నల్ సోర్సులోనే ఉంది. నేను తీసేసిన వాటిలో అదీ పోయింది.

మాడ్యూల్ అంటే నడుస్తున్న కెర్నల్‌కి తర్వాత తగిలించుకోగల ముక్క. కేక్‌ని అలా తెచ్చుకోవడానికి కెర్నల్ మొత్తం మళ్లీ కట్టక్కర్లేదు, రీబూట్ కూడా అక్కర్లేదు (ఒక్క సందర్భంలో తప్ప, అది కింద చెప్తాను). వైర్‌గార్డ్ (వీపీఎన్), బీబీఆర్ (టీసీపీ వేగాన్ని అదుపుచేసే పద్ధతి) లాంటి వాటికీ దాదాపు ఇదే దారి.

ముందు అది మీ దగ్గర ఇప్పటికే ఉందేమో చూడండి. మోడ్‌ఇన్ఫో కమాండ్‌కి ఎస్‌సీహెచ్ అండర్‌స్కోర్ కేక్ అన్న పేరిస్తే తెలిసిపోతుంది. డిస్ట్రిబ్యూషన్లు ఇచ్చే కెర్నల్స్‌లో చాలావాటికి ఇది ముందే మాడ్యూల్‌గా వస్తుంది. ఉంటే నేరుగా చివర్లో చెప్పిన టీసీ కమాండ్ (ప్యాకెట్ల వరసలను సెట్ చేసేది) దగ్గరికి వెళ్లిపోండి.

లేకపోతే రెండు కావాలి: యూనేమ్ మైనస్ ఆర్ చూపించే వెర్షన్ సోర్సు, ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ కాన్ఫిగ్ ఫైల్ (కెర్నల్‌లో ఏవి పెట్టారో, ఏవి తీసేశారో రాసున్న జాబితా). కాన్ఫిగ్ సాధారణంగా బూట్ ఫోల్డర్లో కెర్నల్ పక్కనే ఉంటుంది. కొన్ని కెర్నల్స్‌లో ప్రాక్ కింద కాన్ఫిగ్ డాట్ జీజెడ్‌గా దొరుకుతుంది, అది కుదించిన ఫైల్ కాబట్టి ముందు విప్పుకోవాలి. దాన్ని సోర్సు ఫోల్డర్లోకి డాట్ కాన్ఫిగ్ పేరుతో కాపీ చేసి, మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ నడపండి.

ఈ కాన్ఫిగ్ విషయంలో మాత్రం తొందరపడొద్దు. నెట్‌వర్క్‌లో తిరిగే ప్రతి ప్యాకెట్‌నీ కెర్నల్ ఎస్‌కే బఫ్ అనే స్ట్రక్చర్‌లో పెట్టుకుంటుంది. అందులో కొన్ని గళ్లు కాన్ఫిగ్‌ని బట్టే ఉంటాయి, లేదా ఉండవు. నెట్ షెడ్ అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటేనే టీసీ ఇండెక్స్ అనే గడి ఉంటుంది. నెట్‌ఫిల్టర్ (ఫైర్‌వాల్ భాగం) కనెక్షన్ ట్రాకింగ్‌కీ అలాంటిదే ఉంది. కెర్నల్‌ని ఒక కాన్ఫిగ్‌తో, మాడ్యూల్‌ని ఇంకో కాన్ఫిగ్‌తో కడితే, ఒకరు మూడో గడిలో పెట్టినదాన్ని ఇంకొకరు నాలుగో గడిలో వెతుకుతారు. మాడ్యూల్ లోడ్ అయినట్టే కనిపిస్తుంది, తర్వాతెప్పుడో మెషీన్ పడిపోతుంది. అందుకే ఖాళీ కాన్ఫిగ్‌తోనో, ఎవరో ఇచ్చిన కాన్ఫిగ్‌తోనో మొదలుపెట్టకండి.

ఇప్పుడు మేక్ మెనూకాన్ఫిగ్ నడపండి, ఆప్షన్ల మెనూ తెరుచుకుంటుంది. స్లాష్ కొట్టి కేక్ అని వెతకండి, ఆ ఆప్షన్ ఏ మెనూలో ఉందో, దేనిమీద ఆధారపడిందో చూపిస్తుంది. అక్కడికెళ్లాక బ్రాకెట్ ఆకారం చూడండి. కోణాల బ్రాకెట్ ఉంటే ఎం నొక్కి మాడ్యూల్‌గా పెట్టుకోవచ్చు. చదరపు బ్రాకెట్ అయితే ఉండటమా, లేకపోవడమా అంతే, మాడ్యూల్ అనే మాట లేదు. కేక్‌కి కోణాల బ్రాకెట్టే. కానీ దాని పైనున్న క్యూఓఎస్ (ప్యాకెట్ల వరసల ఆప్షన్లన్నీ ఉండే) మెనూకి చదరపు బ్రాకెట్. నా కెర్నల్‌లో ఆ మెనూ ముందే ఆన్‌లో ఉంది కాబట్టి గట్టెక్కాను. మీకది ఆఫ్‌లో ఉంటే మాత్రం కెర్నల్ మొత్తం మళ్లీ కట్టి రీబూట్ చేయాల్సిందే, అడ్డదారి లేదు.

సేవ్ చేసి బయటికొచ్చాక, మేక్ మాడ్యూల్స్ అండర్‌స్కోర్ ప్రిపేర్ నడపండి. ఇది మాడ్యూల్ డాట్ సిమ్‌వర్స్ అనే ఫైల్‌ని (మాడ్యూళ్లు వాడుకోగల కెర్నల్ ఫంక్షన్ల జాబితా) తయారుచేయదు. దాన్ని కెర్నల్‌ని మొదట కట్టిన ఫోల్డర్ నుంచో, హెడర్స్ ప్యాకేజీ నుంచో తెచ్చి పెట్టుకోండి. తర్వాత మేక్‌కి ఎం ఈక్వల్స్ నెట్ స్లాష్ షెడ్ ఇచ్చి, మాడ్యూల్స్ అనండి. ఆ ఒక్క ఫోల్డరే కాబట్టి తొందరగానే అయిపోతుంది.

తయారైన డాట్ కేఓ అనే మాడ్యూల్ ఫైల్‌ని ఇన్‌స్‌మోడ్ కమాండ్‌తో కెర్నల్‌లోకి ఎక్కించాలి. నా తొలి ప్రయత్నంలో ఇన్‌స్‌మోడ్ చేయగానే ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్ అని వచ్చింది. టెన్షన్ పడి సోర్సంతా రెండుసార్లు కట్టాను. డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాలు చూపించే కమాండ్) చివరి లైన్ చూస్తే అసలు సంగతి బయటపడింది: మాడ్యూల్ వెర్షన్ చివర ఒక ప్లస్ గుర్తు ఉంది, నడుస్తున్న కెర్నల్‌కి లేదు. గిట్‌లో రిలీజ్ ట్యాగ్ తర్వాత నేను చిన్న కమిట్ ఒకటి చేసి ఉన్నాను, దానికి బిల్డ్ తనంతట తానే ప్లస్ తగిలించింది. మేక్ పక్కన లోకల్‌వెర్షన్ ఈక్వల్స్ అని ఖాళీగా వదిలేసి, ప్రిపేర్ దగ్గర్నుంచి మళ్లీ చేస్తే సరిపోయింది. ఇలాంటప్పుడు మోడ్‌ప్రోబ్‌కి (మాడ్యూల్ ఎక్కించే ఇంకో కమాండ్) ఫోర్స్ ఇచ్చి తోసేద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. పైన చెప్పిన గళ్ల తేడా ఉంటే పట్టుకోవడానికి మిగిలినవే ఆ కొద్దిపాటి చెకింగులు.

అవుట్ ఆఫ్ ట్రీ మాడ్యూల్ వల్ల కెర్నల్ టెయింట్ అయిందని (మచ్చ పడిందని) డీమెసేజ్‌లో కనిపిస్తే కంగారు పడకండి, విడిగా కట్టారన్న గుర్తు మాత్రమే. సెక్యూర్ బూట్ (సంతకమున్న కోడ్‌నే నడవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే మాత్రం సంతకం లేని మాడ్యూల్‌ని సాధారణంగా లోపలికి రానివ్వదు. మీ కీతో సైన్ చేసి, ఆ కీని మెషీన్‌లో నమోదు చేసుకోవాలి.

లోడ్ అయిందని చూసుకున్నాక, డాట్ కేఓ ఫైల్‌ని లిబ్ మాడ్యూల్స్ కింద మీ వెర్షన్ ఫోల్డర్లోని కెర్నల్, నెట్, షెడ్ లోపలికి కాపీ చేసి, డెప్‌మోడ్ మైనస్ ఏ నడపండి, మాడ్యూళ్ల జాబితా కొత్తగా తయారవుతుంది. బూట్‌లో లోడ్ అవ్వడానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు, టీసీ కమాండ్‌లో కేక్ పేరు వినగానే కెర్నలే దాన్ని పిలుచుకుంటుంది. టీసీ క్యూడిస్క్ రీప్లేస్, డెవ్ తర్వాత బయటి లైన్‌కి వెళ్లే కార్డు పేరు, ఆపైన రూట్ కేక్ బ్యాండ్‌విడ్త్ అని ఇచ్చి, అసలు అప్‌లోడ్ స్పీడ్ కంటే కాస్త తక్కువ పెట్టండి. నాది 20 ఎంబిట్, 18 ఇచ్చాను. అలా తగ్గిస్తేనే వరస మోడెమ్‌లో కాకుండా మన మెషీన్‌లో ఏర్పడుతుంది, అప్పుడే కేక్ చేతికి పని దొరుకుతుంది. టీసీ మైనస్ ఎస్ క్యూడిస్క్ షో కొట్టి ప్యాకెట్ల లెక్క పెరుగుతోందో లేదో చూసుకోండి. ఆ టీసీ కమాండ్‌ని బూట్‌లో నడిచే నెట్‌వర్క్ స్క్రిప్టులో పెట్టండి, లేకపోతే రీబూట్‌తో పోతుంది.

కెర్నల్ వెర్షన్ మారిన రోజున మాడ్యూల్ మళ్లీ కట్టాలి. నేను డాట్ కాన్ఫిగ్, మాడ్యూల్ డాట్ సిమ్‌వర్స్ రెండింటినీ వెర్షన్ పేరున్న ఫోల్డర్లో దాచి, కొత్త కెర్నల్‌తో బూట్ చేసే ముందే కేక్‌ని దానికీ ఎం పెట్టి కట్టేస్తున్నాను.